దిద్దుకోగల రేడియో

2000 ఫిబ్రవరిలో యూరప్ అంతరిక్ష సంస్థ ఇంజినీరు బోరిస్ స్మెడ్స్ కాలిఫోర్నియా ఎడారిలోని గోల్డ్‌స్టోన్ యాంటెన్నా కేంద్రం నుంచి ఒక పరీక్ష నడిపాడు. శనిగ్రహానికి బయలుదేరిన కాసిని నౌక అప్పటికి రెండేళ్లకు పైగా దారిలో ఉంది. దాన్ని అంటిపెట్టుకుని హైగెన్స్ అనే చిన్న నౌక కూడా వెళ్తోంది. శని ఉపగ్రహం టైటాన్ మీద హైగెన్స్ దిగాలి. దిగుతూ అది పంపే సమాచారాన్ని పైనుంచి పోయే కాసిని పట్టుకుని భూమికి చేర్చాలి. హైగెన్స్ పంపబోయే సంకేతం లాంటిదాన్నే స్మెడ్స్ భూమి నుంచి కాసినికి పంపి, అది సరిగా అందుకుంటోందా అని చూశాడు. అందుకోలేదు. హైగెన్స్ దిగే ఘడియలో రెండు నౌకల మధ్య దూరం సెకనుకు ఐదున్నర కిలోమీటర్ల చొప్పున తగ్గుతూ ఉంటుంది కాబట్టి, డాప్లర్ ప్రభావం వల్ల సంకేతం కాస్త పై ఫ్రీక్వెన్సీలో వస్తుంది. కాసినిలోని రిసీవర్ చేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు, దానికి చోటు వదిలారు. అయితే అదే కారణంగా సంకేతంలోని ఒకట్లూ సున్నాలూ కూడా రవ్వంత తొందరగా వచ్చి పడతాయి. తేడా ఎంత? లక్ష అంకెలకు రెండు కూడా ఉండదు. ఆ రవ్వంతకు చోటు వదలడం మరిచారు. రిసీవర్ లోపల ఒకటి రెండు విలువలు మారిస్తే సరిపోయేది గానీ, వాటిని భూమి నుంచి మార్చే వీలు అందులో పెట్టలేదు. చివరికి రేడియోను మార్చలేక నౌక దారినే మార్చారు. టైటాన్‌కు వెయ్యీ రెండువందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్లాల్సిన కాసినిని అరవై వేల కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లేలా తిప్పి, ఎదురెదురు వేగం తగ్గించారు. 2005 జనవరి 14న హైగెన్స్ దిగింది, కాసిని విన్నది.

అదే ఏడాది ఆగస్టులో నాసా అంగారకుడికి ఒక ఉపగ్రహాన్ని పంపింది. మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ అన్నది దాని పేరు. అందులో ఎలెక్ట్రా అనే రేడియో ఉంది. అంగారకుడి నేల మీద తిరిగే రోవర్లతో మాట్లాడటం ఎలెక్ట్రా పని. దారిలో ఉండగానే ఒక చిక్కు కనబడింది: అదే ఉపగ్రహంలోని ఇతర పరికరాల ఎలక్ట్రానిక్స్ నుంచి పుట్టే రొద ఎలెక్ట్రా వినే ఫ్రీక్వెన్సీల్లో చేరుతోంది. ఈసారి ఎవరూ కక్ష్యను ముట్టుకోలేదు. రేడియో లోపలి లెక్కలు చేసే భాగానికి భూమి నుంచి కొత్త ప్రోగ్రాం పంపి, రొదను వడకట్టే పద్ధతి చేర్చారు. తర్వాత 2012లో క్యూరియాసిటీ రోవర్ దిగాక, సిగ్నల్ బలంగా ఉన్న క్షణాల్లో వేగంగా, బలహీనపడితే నెమ్మదిగా సమాచారం పంపుకునే ఏర్పాటు కూడా ఆ రెండు రేడియోల మధ్య మొదలైంది. ఎలెక్ట్రాలా ప్రోగ్రాంతో పనిచేసే సాఫ్ట్‌వేర్ రేడియో గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒకే పెట్టె వంద రేడియోల పని చేస్తుందని మొదలుపెడతారు. నా ఉద్దేశంలో దాని గొప్పదనం అక్కడ లేదు. తయారై, అమ్ముడై, మనిషి చెయ్యి చేరని చోటికి వెళ్లిపోయాక కూడా దాన్ని దిద్దుకోగలగడంలో ఉంది. ఈ సాంకేతికత ఎక్కడ గెలిచింది, ఎక్కడ బోల్తా కొట్టింది అన్నది ఈ తేడాను పట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది. అది తెచ్చిపెట్టే కష్టాలన్నీ కూడా ఇక్కడి నుంచే పుడతాయి.

అసలు రేడియో చేసే పని ఏమిటి? యాంటెన్నాకు ఒకేసారి తగిలే వేల సంకేతాల్లోంచి కావలసిన ఒక్కదాన్ని ఏరడం, దాని మీద ఎక్కించి పంపిన మాటనో బొమ్మనో విప్పడం. పాత రేడియోలో ఈ పనులన్నిటికీ విడివిడి సర్క్యూట్లు ఉంటాయి: తీగచుట్టలు, కెపాసిటర్లు, క్రిస్టల్స్, డయోడ్లు. ఏఎం విప్పే సర్క్యూట్ ఎఫ్‌ఎంను విప్పలేదు. కొత్త పద్ధతి వస్తే కొత్త సర్క్యూట్ కావాలి, అంటే కొత్త పెట్టె కొనాలి. సాఫ్ట్‌వేర్ రేడియోలో యాంటెన్నా నుంచి వచ్చిన సంకేతాన్ని కాస్త పెంచి, తక్కువ ఫ్రీక్వెన్సీకి దించి, సెకనుకు లక్షల నుంచి కోట్ల సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ పైన జరిగేదంతా లెక్కే. కావలసిన స్టేషన్‌ను మాత్రమే ఉంచి మిగతావి తీసేయడమంటే ఆ అంకెలను కొన్ని స్థిరసంఖ్యలతో గుణించి కూడటం. ఎఫ్‌ఎంలో దాగిన పాటను బయటికి తీయడమంటే ఒక కొలతకూ తర్వాతి కొలతకూ మధ్య అల ఎంత కోణం తిరిగిందో చూడటం. రేడియోను మరో ఫ్రీక్వెన్సీకి తిప్పి, వచ్చే అంకెలను మరో ప్రోగ్రాంకు ఇస్తే తల మీదుగా పోయే విమానం తన ఎత్తూ వేగమూ చెబుతున్న మాట వినిపిస్తుంది. జోసెఫ్ మిటోలా అనే అమెరికన్ ఇంజినీరు 1990ల మొదట్లో ఈ ఆలోచనకు సాఫ్ట్‌వేర్ రేడియో అన్న పేరు తెచ్చాడు. ఆయన గీసిన ఆదర్శ చిత్రంలో యాంటెన్నా పక్కనే అంకెలు చేసే చిప్, దాని వెనక కంప్యూటర్. మధ్యలో దాదాపు ఏమీ ఉండదు.

ఆ ఆదర్శం ఇప్పటికీ పూర్తిగా నెరవేరలేదు. కారణం బద్ధకం కాదు, భౌతికశాస్త్రం. సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్‌కు రెండు గుణాలు కావాలి: వేగం, సూక్ష్మత. ఒకటి పెంచబోతే రెండోది తగ్గుతుంది, లేదా కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఎనిమిది బిట్ల చిప్ 256 మెట్లలో కొలుస్తుంది. అంటే అది ఒకేసారి పట్టుకోగల అతి బలమైన, అతి బలహీనమైన సంకేతాల శక్తి మధ్య నిష్పత్తి సుమారు లక్ష రెట్లు. చాలా పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది గానీ, రేడియోకు చాలదు. పక్క వీధిలోని ఎఫ్‌ఎం టవర్ నుంచి వచ్చే సంకేతం, దూరాన ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చేదానికంటే పది కోట్ల రెట్లు బలంగా ఉండటం మామూలే. జాతరలో మైకు పక్కన నిలబడి అవతలి మనిషి గుసగుస వినాలంటే చెవి ఎంత మంచిదైనా లాభం లేదు, ముందు మైకును తప్పించాలి. ఆ తప్పించే పనిని అంకెలు కాకముందే, పాత పద్ధతి వడపోత సర్క్యూట్లే చేయాలి. అందుకే ప్రతి మంచి సాఫ్ట్‌వేర్ రేడియోలో, ప్రకటనల్లో కనిపించని ఇనుము చాలా ఉంటుంది. యాంటెన్నా సంగతి ఇంకా మొండిది. 2 మెగాహెర్ట్జ్ అల పొడవు 150 మీటర్లు, 2 గిగాహెర్ట్జ్ అల పొడవు 15 సెంటీమీటర్లు. రెంటికీ సమానంగా పనిచేసే చిన్న యాంటెన్నాను ఏ ప్రోగ్రామూ పుట్టించలేదు.

మూడో అడ్డు సమయం. వైఫైలో ఒక సమాచార ముక్క అందగానే, అందిందని జవాబు పంపడం మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పది మైక్రోసెకన్లు. మామూలు కంప్యూటర్‌కు యూఎస్‌బీ తీగతో తగిలించిన రేడియోలో అంకెలు తీగ దాటి లోపలికి వెళ్లడానికే అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. బీజింగ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రం 2009లో సోరా పేరుతో ఈ పనిని మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ మీదే చేసి చూపింది. దానికోసం ప్రత్యేకమైన కార్డు తయారుచేసుకుంది, లెక్కల ఫలితాలను ముందే పట్టికలుగా పోసి ఉంచుకుంది, ప్రాసెసర్ కోర్లను ఆ పనికే కట్టేసింది. చేయగలమని రుజువైంది. అదే పనిని ఫోన్‌లోని చిన్న చిప్ ఎంతో తక్కువ కరెంటుతో చేస్తుందన్నదీ అంతే నిజం. ఒక్క పనికే చెక్కిన సర్క్యూట్ ఎప్పుడూ, ఏ పనైనా చేయగల ప్రాసెసర్ కంటే తక్కువ తింటుంది. బ్యాటరీ మీద బతికే వస్తువులో ఈ వాదనకు ఎదురు లేదు.

ఈ పరిమితులు తెలిసీ వాటిని లెక్కచేయకపోతే ఏమవుతుందో అమెరికా సైన్యం చూపించింది. 1983లో గ్రెనెడా ద్వీపం మీదికి వెళ్లినప్పుడు పదాతిదళం రేడియోలూ నౌకాదళం రేడియోలూ ఒకదానితో ఒకటి మాట్లాడలేకపోయాయి. ఒక్కో దళం తన అవసరం చూసుకుని ఒక్కో రకం కొనుక్కున్న ఫలితం అది. 1990ల్లో స్పీకీజీ అనే ప్రయోగంలో పది రకాల సైనిక రేడియోల పనిని ఒకే పెట్టెతో చేయించాలని చూశారు; ఆశ కలిగింది. 1997లో జేటీఆర్‌ఎస్ అనే మహా పథకం మొదలైంది. 2 మెగాహెర్ట్జ్ నుంచి 2 గిగాహెర్ట్జ్ దాకా, సైనికుడి భుజం మీది నుంచి యుద్ధనౌక దాకా, పాతవాటితో మాట్లాడుతూ, ఇంకా పుట్టని కొత్త నెట్‌వర్కులను కూడా మోయగల రేడియోల కుటుంబం తయారు కావాలి. కాగితం మీద ఇంతకంటే అందమైన ఆలోచన లేదు. వాహనాల్లో పెట్టాల్సిన రేడియో దగ్గర బండి ఇరుక్కుపోయింది. అన్ని బ్యాండ్లూ మోయాలి కాబట్టి పెట్టె బరువెక్కింది, వేడెక్కింది. దళాలు కోరికలు పెంచుతూ పోయాయి, ప్రతి కోరికతో ప్రోగ్రాం లక్షల వరుసలకు పెరిగింది. ఒక పెట్టె కోసం రాసిన వేవ్‌ఫామ్‌ను, అంటే ఒక రకం రేడియో భాషను నడిపే ప్రోగ్రాంను, మరో పెట్టెకు మార్చడం అనుకున్నంత సులువు కాలేదు. కొనాల్సిన సంఖ్య ఎనభై వేల పైచిలుకు నుంచి పది వేలకు పడిపోయి, ఒక్కోదాని ధర ఆకాశానికి ఎక్కింది. వందల కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2011 అక్టోబరులో ఆ వాహన రేడియోను రద్దు చేశారు.

ఈ కథను సాఫ్ట్‌వేర్ రేడియో వైఫల్యంగా చెప్పేవాళ్లున్నారు. మిగతా సగం కూడా వినాలి. అదే కాలంలో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కోసం అమెరికా సైన్యం బజారులో కొన్న రేడియోలు కూడా సాఫ్ట్‌వేర్ రేడియోలే. హారిస్ కంపెనీ తన సొంత ఖర్చుతో చేసిన వీపు రేడియో అలాంటిదే. అది జేటీఆర్‌ఎస్ కోసం రాసిన నిర్మాణ నియమాలనే పాటించింది. అయితే అన్నీ చేస్తానని అది మాటివ్వలేదు. ముందు కొన్ని పనులు చేస్తూ జనం చేతుల్లోకి వెళ్లింది, తర్వాత ప్రోగ్రాంలు చేరుతూ పోయాయి. రెండూ ఒకే సాంకేతికత. ఒకటి పుట్టకముందే సర్వజ్ఞానం కోరుకుంది, రెండోది పుట్టాక నేర్చుకుంది. సాఫ్ట్‌వేర్ రేడియో ఇచ్చే అసలు సౌకర్యం నిర్ణయాలను తర్వాతికి వాయిదా వేయగలగడం. జేటీఆర్‌ఎస్ నిర్వాహకులు నిర్ణయాలన్నిటినీ మొదటి రోజే తీసుకోబోయి ఆ సౌకర్యాన్నే పోగొట్టుకున్నారు.

సెల్‌ఫోన్ టవర్ల కథ ఇందుకు భిన్నంగా నడిచింది. టవర్ కింద పెట్టెకు బ్యాటరీ బాధ అంతగా లేదు, బరువు బాధ లేదు, వాడే బ్యాండ్లు నాలుగైదు. అందుకే సాఫ్ట్‌వేర్ రేడియో అక్కడ చడీచప్పుడు లేకుండా స్థిరపడింది. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2004లో ఆమోదించిన తొలి సాఫ్ట్‌వేర్ రేడియో, వాను బోస్ స్థాపించిన కంపెనీ తయారుచేసిన సెల్‌ఫోన్ బేస్ స్టేషన్. మామూలు సర్వర్ల మీద లినక్స్‌తో నడిచేది. టెక్సాస్‌లోని ఒక చిన్న గ్రామీణ ఆపరేటర్ పాత టీడీఎంఏ ఫోన్లకూ కొత్త జీఎస్‌ఎం ఫోన్లకూ ఒకే పెట్టెతో సేవ ఇచ్చింది. ఇవాళ పెద్ద కంపెనీలు అమ్మే బేస్ స్టేషన్లలో ఒకే రేడియో పెట్టె 2జీ, 4జీ రెండూ మోయడం విశేషమే కాదు. మన దేశంలో ఆపరేటర్లు 3జీ ఎత్తేసి ఆ స్పెక్ట్రమ్‌ను 4జీకి మళ్లించినప్పుడు చందాదారుకు తెలిసిందల్లా సిమ్ మార్చుకోమన్న సందేశమే. వెనక జరిగిన పనిలో పెద్ద భాగం ప్రోగ్రాం మార్పు. ఇంత విజయవంతమైన వస్తువును ఎవరూ సాఫ్ట్‌వేర్ రేడియో అని పిలవకపోవడమే చిత్రం. గెలిచినదాని పేరు మరుగున పడింది, ఓడినదానికి పేరు నిలిచింది.

పెద్ద కంపెనీల దాకా వెళ్లక్కర్లేని ఉదాహరణ ఒకటుంది. 1978లో నాసా ఐఎస్‌ఈఈ-3 అనే నౌకను పంపింది. దాంతో మాట్లాడే ట్రాన్స్‌మిటర్ పరికరాలను 1999లో భూమి మీది కేంద్రాల నుంచి పీకేశారు. నౌక మాత్రం చావలేదు, సూర్యుడి చుట్టూ తిరుగుతూ 2014లో భూమి దగ్గరికి వచ్చింది. పిలవడానికి దానికి అర్థమయ్యే రేడియో లేదు. మళ్లీ తయారుచేసే ఖర్చు పెట్టనని నాసా చెప్పింది. అప్పుడు కొందరు ఔత్సాహికులు జనం దగ్గర చందాలు పోగుచేసి, పాత కాగితాలు వెతికి నౌక భాషను పట్టుకుని, దాన్ని ప్రోగ్రాంగా రాశారు. బజారులో దొరికే సాఫ్ట్‌వేర్ రేడియో బోర్డును ప్యూర్టోరికోలోని అరెసీబో మహా యాంటెన్నాకు తగిలించారు. 2014 మే 29న 36 ఏళ్ల నాటి నౌక బదులిచ్చింది. జులైలో ఇంజన్లను కూడా కాసేపు మండించగలిగారు. దారి మాత్రం మళ్లించలేకపోయారు. ఇంధనాన్ని తోసే నైట్రోజన్ వాయువు అయిపోయింది. ప్రోగ్రాం దిద్దగలిగింది భూమి మీది రేడియోను. నౌక ట్యాంకును కాదు. వాళ్లు వాడిన గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2001లో మొదలైంది. ఇక 2012లో, యూరప్‌లో కంప్యూటర్‌లో టీవీ చూడటానికి అమ్మే ఇరవై డాలర్ల యూఎస్‌బీ పుల్ల ఒకటి, లోపలి చిప్‌ను కొంచెం అదిలిస్తే ముడి అంకెలను అలాగే కంప్యూటర్‌కు ఇచ్చేస్తుందని ఔత్సాహికులు కనిపెట్టారు. అప్పటిదాకా ప్రయోగశాలల్లో ఉన్న వస్తువు కాలేజీ కుర్రాళ్ల బల్లల మీదికి వచ్చింది. మెక్సికోలోని వహాకా కొండల్లో తలేయా దె కాస్ట్రో అనే ఊరు, పెద్ద కంపెనీలు రామన్నాక, 2013లో ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తన సెల్‌ఫోన్ నెట్‌వర్క్‌ను తానే పెట్టుకుంది.

ఇక్కడే అసలైన ఆక్షేపణ ఎదురవుతుంది. ఎవరైనా ఏ ఫ్రీక్వెన్సీలోనైనా ఏ భాషైనా మాట్లాడగలిగితే, మాట్లాడకూడనివాళ్లు మాట్లాడరా? 2017 ఏప్రిల్ 7న అర్ధరాత్రి సమీపిస్తుండగా అమెరికాలోని డాలస్ నగరంలో తుపాను హెచ్చరిక సైరన్లు 156 ఒకేసారి మోగాయి. తుపాను లేదు. బెదిరిన జనం వేల సంఖ్యలో అత్యవసర నంబరుకు ఫోన్లు చేశారు. కంప్యూటర్లలోకి ఎవరూ చొరబడలేదని, రేడియో సంకేతంతోనే వాటిని మోగించారని నగర అధికారులు చెప్పారు. గాలిలో పోయే ఆజ్ఞను ఒకసారి పట్టి, దాచుకుని, మళ్లీ వదలడం చవక సాఫ్ట్‌వేర్ రేడియోకు ఎడమచేతి పని. కాబట్టి ఇలాంటి పరికరాలను జనానికి అమ్మనివ్వకూడదని కొందరు వాదిస్తారు. ఆ వాదన జబ్బును వదిలి థర్మామీటర్‌ను విరగ్గొడుతుంది. డాలస్ సైరన్లు ఏళ్ల తరబడి ఎవరు చెప్పినా వినే స్థితిలోనే ఉన్నాయి. అలా చెప్పగల రేడియో అందరి దగ్గరా లేకపోవడమే వాటికున్న ఒక్కగానొక్క రక్షణ. అలాంటి రక్షణ ఒక్క చవక పరికరంతో కూలిపోతుంది. ఘటన తర్వాత నగరం ఆ సంకేతాలకు ఎన్‌క్రిప్షన్ చేర్చింది. చేయాల్సిన పని అదే. ఆజ్ఞ ఇచ్చినవాడు ఎవరో ఆజ్ఞలోనే రుజువు ఉండాలి.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది, దాన్ని ఇంత తేలిగ్గా కొట్టిపారేయలేం. 2009లో ప్యూర్టోరికోలోని సాన్ హువాన్ విమానాశ్రయం వాతావరణ రాడార్ తెర మీద అర్థంకాని గీతలు కనిపించాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నడిచే కొన్ని వైర్‌లెస్ ఇంటర్నెట్ పరికరాలు రాడార్ ఫ్రీక్వెన్సీల్లో ప్రసారం చేస్తున్నాయని తేలింది. విమానం దిగే చోట గాలి ఎలా తిరగబడుతోందో చెప్పే రాడార్ అది. అమెరికాలో మరికొన్ని విమానాశ్రయాల్లోనూ ఇదే గొడవ. పరికరంలో సెట్టింగులు మార్చేవాడికి చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు. ఇంటర్నెట్ కాస్త బాగా రావాలన్న కోరిక చాలు. 2014లో ఎఫ్‌సీసీ కొత్త నియమాలు తెచ్చింది: రేడియో గుణాలను బయటివాళ్లు మార్చకుండా తయారీదారు తాళం వేయాలి. తయారీదారులకు తేలికైన దారి మొత్తం సాఫ్ట్‌వేర్‌కే తాళం వేసేయడం. దాంతో, కంపెనీ పట్టించుకోవడం మానేసిన పాత రౌటర్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి భద్రతా లోపాలు సరిచేసుకునే వాళ్ల చేతులు కట్టేసినట్టయింది. 2016లో టీపీ-లింక్ కంపెనీతో జరిగిన ఒప్పందం ఈ ముడిని కొంత విప్పింది. కొన్ని రౌటర్లలో అనుమతికి మించిన శక్తితో ప్రసారం చేసే వీలు ఉంచినందుకు కంపెనీ రెండు లక్షల డాలర్లు కట్టింది. దాంతోపాటు ఇతరులు రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ తన రౌటర్లలో నడిచే మార్గం చూస్తానని ఒప్పుకుంది. తాళం ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన సరైన జవాబు ఇదే: ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తితో ప్రసారం చేయాలన్న దగ్గర తాళం ఉండాలి, మిగతాచోట్ల ఉండకూడదు. ఇందుకు రెంటినీ పెట్టె లోపలే వేరుచేసి కట్టాలి, ఖర్చు కాస్త పెరుగుతుంది. విమానం కింద గాలి తీరు తెలియడానికి ఆ ఖర్చు ఎక్కువేం కాదు.

దిద్దుకునే దారి ఒకటి తెరిచాక, దాని గుండా ఎవరు వస్తారన్నది కూడా చూసుకోవాలి. 2022 ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టిన రోజే, వయాసాట్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ మోడెమ్‌లు యూరప్‌లో వేల సంఖ్యలో మూగబోయాయి. దాడి చేసినవాళ్లు ఉపగ్రహం జోలికి పోలేదు. మోడెమ్‌లను దూరం నుంచి నిర్వహించే వ్యవస్థలో చొరబడి, వాటి మెమరీని చెరిపేసే ఆజ్ఞలు పంపారు. జర్మనీలో 5,800 గాలిమరలను దూరం నుంచి గమనించే వీలు పోయింది. అంగారకుడి దగ్గరి ఎలెక్ట్రాకు ప్రాణం పోసిన మార్గం లాంటిదే ఇక్కడ విషం ఎక్కించే మార్గమైంది. పాత రేడియోలకు ఈ బెడద లేదన్నది ఒప్పుకోవాల్సిందే. వాటిని ఎవరూ దూరం నుంచి చెడగొట్టలేరు, బాగుచేయనూ లేరు. హైగెన్స్ కథలో నేను దాచిన ముక్క ఒకటుంది. కాసినిలో రెండు రిసీవర్లుండేవి. వాటిలో ఒకదాన్ని సిద్ధం చేసే ఆజ్ఞ, పంపిన ఆజ్ఞల వరుసలో లేనే లేదు. ఆ ఛానెల్ మొత్తం పోయింది, దాంతో ఫొటోల్లో సగం పోయాయి. సర్క్యూట్ చేసిన తప్పును దారి మార్చి దిద్దుకున్న బృందమే, ఒక ఆజ్ఞ మరిచిపోయి సగం ఫొటోలు వదులుకుంది. సాఫ్ట్‌వేర్‌తో తప్పులు తగ్గుతాయని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. తప్పు బయటపడ్డాక చేయడానికి ఏదో ఒకటి మిగులుతుంది, అంతవరకే.

దీనికి తోడు, తర్వాత దిద్దుకోవచ్చులే అన్న ధీమా సగం ఉడికిన సరుకును అమ్మడానికి సాకవుతోంది. పరీక్షించి ముద్ర వేసిన రేడియో మర్నాడు కొత్త ప్రోగ్రాంతో మరో రేడియో అయిపోతే, ఆ ముద్రకు విలువేమిటన్నది నియంత్రణ సంస్థల బాధ. 2001లోనే ఎఫ్‌సీసీ దీనికి ఒక దారి వేసింది: ప్రోగ్రాం మార్పుతో ఫ్రీక్వెన్సీ, శక్తి, పద్ధతి మారితే పెట్టె కొత్తదన్నట్టు మొదటి నుంచి రాకుండా, మార్పు వరకే పరీక్షించి ఆమోదం ఇస్తారు. మన చట్టం ఇంకా పెట్టె చుట్టూనే తిరుగుతోంది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా పరికరం దగ్గర ఉంచుకోవడాన్నే నేరంగా చూసింది. దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా రేడియో పరికరం కలిగి ఉండటానికి అనుమతి కావాలనే అంటుంది. ఒకే బోర్డు పొద్దున ఎఫ్‌ఎం రిసీవర్, మధ్యాహ్నం విమానాల జాడ చెప్పేది, రాత్రి సెల్ టవర్ కాగలిగినప్పుడు, కలిగి ఉండటాన్ని కాక చేసిన ప్రసారాన్ని పట్టుకునే నియమాలు కావాలి. ఇంజినీరింగ్ విద్యార్థులు కమ్యూనికేషన్స్ పాఠాలను బోర్డు మీద సమీకరణాలుగా కాక నిజమైన సంకేతాల మీద నేర్చుకునే దేశానికీ, నేర్చుకోలేని దేశానికీ తేడా ఈ నియమాల దగ్గరే వస్తుంది. ఐఐటీ మద్రాస్ ముందుండి నడిపిన 5జీ టెస్ట్‌బెడ్‌లో ఐఐటీ హైదరాబాద్ కూడా పాలుపంచుకుంది. 220 కోట్ల రూపాయలతో ఎనిమిది సంస్థలు కట్టిన ఆ సదుపాయం 2022 మేలో మొదలైంది. అది పెద్దలకు, కంపెనీలకు సరే. కాకినాడలోనో వరంగల్‌లోనో చదివే విద్యార్థికి కావాల్సింది నాలుగైదు వేల రూపాయల రిసీవరూ, దాన్ని బల్ల మీద పెట్టుకోవడానికి జంకక్కర్లేని చట్టమూ.

రక్షణ రంగంలో మన దేశం అమెరికా తర్వాత ఇరవై ఏళ్లకు అదే దారిలో అడుగుపెట్టింది. ఆలస్యం ఇక్కడ లాభమే కావచ్చు. దెహ్రాదూన్‌లోని డీల్ అనే డీఆర్‌డీవో ప్రయోగశాల రూపకల్పనతో నౌకాదళం కోసం సాఫ్ట్‌వేర్ రేడియో తయారైంది. దాన్ని సరఫరా చేయడానికి భారత్ ఎలక్ట్రానిక్స్‌తో 2021 ఫిబ్రవరిలో వెయ్యి కోట్ల రూపాయలు దాటిన ఒప్పందం కుదిరింది. హైదరాబాద్‌లోని డీఎల్‌ఆర్‌ఎల్ ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థల మీద పనిచేస్తుంది. శత్రువు రాడార్ ఏ కొత్త భాష మాట్లాడుతుందో ముందే తెలియని ఆ రంగంలో, దిద్దుకోగల రిసీవర్‌ను మించిన అవసరం లేదు. 2025లో త్రివిధ దళాలతో కలిసి డీఆర్‌డీవో భారతీయ సాఫ్ట్‌వేర్ రేడియో నిర్మాణ ప్రమాణం తొలి కూర్పును విడుదల చేసింది. వేవ్‌ఫామ్‌కూ పెట్టెకూ మధ్య ఒప్పందం ఎలా ఉండాలో చెప్పే పత్రం అది. దాని మీద ఆశ పెట్టుకోవచ్చు, ఒక్క పరీక్ష నెగ్గితే. ఒక సంస్థ రాసిన వేవ్‌ఫామ్‌ను వేరే సంస్థ చేసిన పెట్టెలో ఎక్కించి, పెట్టె చేసినవాళ్ల ఇంజినీర్లను పిలవకుండా నడిపించగలగాలి. ఆ పని ఎంత కాలంలో, ఎంత ఖర్చులో అవుతుందో కొనుగోలు ఒప్పందం రాసేముందే కొలవాలి. మూల ప్రోగ్రాం ఎవరి దగ్గర ఉంటుంది, కొత్త ప్రోగ్రాం అసలుదేనని డిజిటల్ సంతకం చేసే తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి కూడా అందులోనే రాసుకోవాలి. యుద్ధనౌక ముప్ఫై ఏళ్లు తిరుగుతుంది. అందులో పెట్టిన రేడియోను ఇరవయ్యో ఏట దిద్దాల్సి వచ్చినప్పుడు, దాన్ని చేసిన కంపెనీ ఇంకా ఉంటుందో లేదో.